కాంటా దిగినంక: డైరీ పుటలు

3 నవంబర్ 2025, సోమవారం. కరీంనగర్

ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లు పని మొత్తానికి ఖాయమైంది. పత్తి బండి నిండుగా ఒకసారి, ఖాళీ చేసుకొని ఇంకోసారి కాంటా ఎక్కుతది. రెండోసారి దిగంగనే రైతు ఫోనుకు తెలుగులో మెసేజ్ పోవాలె, తక్‌పట్టీ (రైతుకిచ్చే తూకం చిట్టీ) పీడీఎఫ్ తయారు కావాలె, మునీం లెక్కల్లో ఎంట్రీ పడాలె. ఇప్పుడున్న ప్రోగ్రాం ఈ మూడూ బటన్ నొక్కిన చోటనే చేస్తది. మెసేజ్ కంపెనీ సర్వర్ జవాబిచ్చేదాకా స్క్రీన్ కదలదు. నెట్ బాగున్న రోజు రెండు మూడు సెకన్లే. బాగాలేని రోజు బండ్ల వరుస గేటు దాటి రోడ్డు మీదికి.

కాంటా ఆపరేటర్‌కు కావాల్సింది ఒక్కటే: బటన్ నొక్కితే నంబర్ పడాలె, వెనక బండిని పిలవాలె. మిగతాది వెనకాల ఎవరో చేసుకోవాలె. అంటే జాబ్ క్యూ సర్వర్. నేను బీన్‌స్టాక్‌డీ అన్న. మా సార్ ర్యాబిట్‌ఎంక్యూ అన్నడు. కాంటా గదిలో ఉన్నది చేతిలో పట్టేంత మినీ పీసీ, దాని మీదికి అంత పెద్ద సరంజామా ఎందుకని వాదించిన. ఒప్పుకున్నడు. ఒప్పుకోకపోయినా అదే పెట్టేదాన్ని.

5 నవంబర్, బుధవారం

కార్తీక పౌర్ణమి. అమ్మ వాళ్లు గోదావరి స్నానానికి ధర్మపురి పోయిండ్రు. నేను ప్రోటోకాల్ ఫైలు ముందేసుకొని కూర్చున్న.

బీన్‌స్టాక్‌డీని కీత్ రారిక్ 2007లో ఫేస్‌బుక్‌లోని కాజెస్ అనే యాప్ కోసం రాసిండు. దాని ప్రోటోకాల్ మొత్తం ఒక్క టెక్స్ట్ ఫైలు. పొద్దున చాయ్‌తో మొదలుపెడితే మధ్యాహ్నం అన్నానికి ముందే అయిపోయింది. 11300 పోర్టు మీద వింటది. పని పెట్టేవాడు 'పుట్' అంటడు. దానివెంట ప్రాధాన్యం, ఎంతసేపు ఆగాలె, ఎంతసేపట్లో చెయ్యాలె, ఎన్ని బైట్లు అనే నాలుగు అంకెలు. చేసేవాడు 'రిజర్వ్' అంటే ఒక పని చేతికొస్తది. చేసినంక 'డిలీట్'. చెయ్యలేకపోతే 'రిలీజ్', అంటే మళ్లీ వరుసలోకి. ఎన్నిసార్లు చూసినా కానిదైతే 'బరీ', అంటే పక్కన పడేసి మనిషి వచ్చి చూసేదాకా ముట్టొద్దని. ప్రాధాన్యంలో సున్నాకే అన్నిటికన్నా తొందర ఎక్కువ. ఇది మొదటిసారి చదివినోళ్లు తలకిందులుగా పెడుతరు. మెసేజ్‌కు 10, పీడీఎఫ్‌కు 1000 అని రాసుకున్న.

రిజర్వ్ చేసిన పనికి గడువు ఉంటది, టీటీఆర్ అంటరు. ఆలోపు డిలీట్ గానీ, 'ఇంకా చేస్తున్న' అని 'టచ్' గానీ రాకపోతే సర్వర్ ఆ పనిని లాక్కొని ఇంకొకరికి ఇస్తది. చేసేవాడు మధ్యలో చచ్చిపోయినా పని చావదన్నమాట. దీనికి ఇంకో ముఖం కూడా ఉంది: చేసేవాడు బతికే ఉండి, ఆలస్యమైనా సరే పని రెండుసార్లు అయితది.

8 నవంబర్, శనివారం

క్లయింట్ లైబ్రరీ ఎంచుకున్న. నోడ్‌జేఎస్‌కు మొదట్లో వాడిన ఫైవ్‌బీన్స్ కాల్‌బ్యాక్‌ల మీద నడిచేది: పుట్ లోపల కాల్‌బ్యాక్, దాని లోపల రిజర్వ్, దాని లోపల డిలీట్. కోడ్ కుడిపక్కకు జరుగుకుంటూ స్క్రీన్ దాటిపోయేది. ఇప్పుడు తీసుకున్నది ప్రామిస్‌లతో రాసింది. ప్రామిస్ అంటే జవాబు తర్వాత వస్తదని ఇప్పుడే చేతికిచ్చే మాట. అవెయిట్ పెట్టి పైనుంచి కిందికి చదువుకోవచ్చు.

ప్రామిస్ కొత్త సరుకేం కాదు. ఫ్రీడ్‌మన్, వైజ్ అనే ఇద్దరు 1976లోనే ఆ పేరు పెట్టిండ్రు. 1988లో బార్బరా లిస్కోవ్, లియూబా ష్రిరా ఆర్గస్ భాష కోసం దాన్ని పనికొచ్చే రూపానికి తెచ్చిండ్రు. నోడ్ మొదటి రోజుల్లో ప్రామిస్‌లు ఉండేవి, 2010లో తీసేసిండ్రు. 2015లో జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకి వచ్చినయి, 2017లో అసింక్-అవెయిట్ తోడైంది. తీసేసిన వస్తువే తిరిగి ఇంటి పెద్ద అయి కూర్చున్నది.

లైబ్రరీ లోపల ఏం చేస్తదో తెరిచి చూసిన. సర్వర్ ఒక కనెక్షన్ మీద వచ్చిన ఆజ్ఞలకు వచ్చిన వరుసలోనే జవాబిస్తది. జవాబు మీద ఏ ఆజ్ఞకు సంబంధించిందో రాసి ఉండదు. అందుకే లైబ్రరీ తీరని ప్రామిస్‌లను ఒక వరుసలో పెట్టుకుంటది. మొదటి జవాబు మొదటి ప్రామిస్‌కు, రెండోది రెండోదానికి. ఇంతే. ఇంత చిన్న ఏర్పాటు మీద ఇన్ని కంపెనీలు నడుస్తున్నయంటే ముచ్చటేసింది.

కానీ దీంట్లోనే ఒక మెలిక. రిజర్వ్ అడిగి, క్యూలో పని లేకపోతే, సర్వర్ జవాబివ్వకుండా ఆగుతది. అదే కనెక్షన్ మీద ఇప్పుడు పుట్ పంపితే అది కూడా రిజర్వ్ వెనకాలే నిలబడుతది. ఎర్రర్ లేదు, గిర్రర్ లేదు, అవెయిట్ కదలదంతే. పెట్టేదానికి ఒక కనెక్షన్, తీసేదానికి ఒకటి. గోడ మీద కాగితం అంటించిన.

12 నవంబర్, బుధవారం. ఆదిలాబాద్

జగిత్యాల, నిర్మల్ మీదుగా బస్సు. మహబూబ్ ఘాట్ ఎక్కంగనే చలి మొదలైంది. ఇచ్చోడ, గుడిహత్నూర్ దాటేసరికి కిటికీ అద్దం మూసినా కాళ్లు గడ్డకట్టినయి.

మిల్లు ఆవరణలోనే సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కొనుగోలు కూడా నడుస్తున్నది. ఈ సీజన్ నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకొని రావాలె. పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, ఆపైన 12 దాకా శాతం పెరిగిన కొద్దీ కోత, 12 దాటితే సీసీఐ కొనదు. పొద్దుటి మంచుకు పత్తి తేమ పట్టుకుంటది. అందుకే రైతులు బండ్లను ఎండలోకి జరుపుకొని, పైన కప్పిన టార్పాలిన్ తీసి, పదకొండు గంటల దాకా ఆగుతున్నరు. ఒకాయన బొలెరో మీదికెక్కి చేతులతో పత్తిని కిందికీ మీదికీ తిప్పుతున్నడు. మీటర్ గుచ్చితే 13.2 వచ్చింది. ఇంకోచోట గుచ్చమన్నడు. 12.6. స్లాట్ చేతిలోనే ఉంది, ఫోన్‌లో పచ్చ రంగులో కన్ఫర్మ్ అని. బండి అటు తిప్పుకొని ప్రైవేటు గేటు దిక్కు పోయిండు.

నేను రాసే కోడ్‌లో 'అవెయిట్ పుట్' జవాబు అచ్చం ఆ స్లాటే. సర్వర్ 'ఇన్‌సర్టెడ్' అని ఒక నంబర్ ఇస్తది, ప్రామిస్ తీరిపోతది. పని నా దగ్గర నమోదైంది అనడమే తప్ప మెసేజ్ పోయిందని కాదు. పాత ప్రోగ్రాం నుంచి తెచ్చుకున్న స్క్రీన్ ఈ దశలోనే 'మెసేజ్ పంపబడింది' అని చూపెడుతున్నది. 'నమోదైంది' అని మార్చిన. మునీంకు నచ్చలేదు. "పంపబడింది అంటె రైతుకు ధీమా ఉంటది మేడమ్" అన్నడు. పంపినంక ధీమా ఇద్దామన్న.

13 నవంబర్, గురువారం. ఆదిలాబాద్

పొద్దున్నుంచి ఒకటే తలనొప్పి. కొన్ని చిట్టీలు క్యూలోకి పోతయి, కొన్ని పోవు. నంబర్లతో పరీక్ష చేస్తే అన్నీ పోతున్నయి. ఇంగ్లిష్ పేర్లతో పోతున్నయి. హమాలీ ఒకాయన చాయ్ తెచ్చి, "సర్వర్ డౌనా?" అని అడిగిండు. ఆ మాట అందరికీ వచ్చేసింది.

కాంటా కంప్యూటర్‌లో ఎవరో రాసిన చిన్న స్క్రిప్టు ఉంది, అది లైబ్రరీ లేకుండా నేరుగా సాకెట్ మీద పుట్ పంపుతున్నది. బైట్ల సంఖ్య దగ్గర జావాస్క్రిప్ట్ లెంగ్త్ వాడింది. గుడిహత్నూర్ అనే పేరునే తీసుకుంటే, గ, కొమ్ము, డ, గుడి, హ, త, పొల్లు, న, కొమ్ముదీర్ఘం, ర, పొల్లు: లెంగ్త్ 11 అంటది. తీగ మీద యూటీఎఫ్-8లో పోయేది ఒక్కోదానికి మూడు చొప్పున 33 బైట్లు. 11 వస్తున్నయని సర్వర్‌కు చెప్పి 33 పంపితే, అది 11 చదివి, లైను ముగింపు కోసం చూసి, కనపడక 'ఎక్స్‌పెక్టెడ్ సీఆర్‌ఎల్‌ఎఫ్' అని కసురుకుంటది. స్క్రిప్టు ఆ జవాబును చదవనే లేదు. ఇంగ్లిష్‌లో ఒక అక్షరం ఒక బైటే కాబట్టి ఇంతవరకు ఎవరికీ తెలవలేదు. రైతు ఊరి పేరు తెలుగులో రాయడం మొదలైన రోజే బయటపడ్డది.

స్క్రిప్టు తీసేసి లైబ్రరీ పెట్టిన. అది బఫర్‌గా మార్చి బైట్లు లెక్కిస్తది. ఇంద్రవెల్లి, ఉట్నూర్, నార్నూర్, సిరికొండ, బజార్‌హత్నూర్ అన్నీ వరుసగా కొట్టి చూసిన. పోయినయి.

బండి ఫొటో కూడా పనిలోనే పెట్టి పంపొచ్చు కదా అని మునీం అడిగిండు. ఒక పని సైజు మామూలుగా 65,535 బైట్లు దాటొద్దు. ఫొటోను డిస్క్ మీద ఉంచి దాని దారి మాత్రం క్యూలో పెట్టాలె.

17 నవంబర్, సోమవారం. కరీంనగర్

మెసేజ్ పాఠం మీద కొట్లాట. ఇంగ్లిష్ మెసేజ్‌కు 160 అక్షరాలు, తెలుగుకు 70. ఆ 70లో గుణింతం గుర్తులు, పొల్లు కూడా విడివిడిగా లెక్క. 'క్వింటాళ్లు' అన్న ఒక్క మాటే 11 తింటది. 70 దాటితే రెండు మెసేజ్‌ల బిల్లు. ట్రాయ్ నిబంధన ప్రకారం పాఠాన్ని ముందే డీఎల్‌టీ పోర్టల్‌లో నమోదు చెయ్యాలె, తర్వాత ఒక్క చుక్క మార్చినా పోదు. మునీం 'గౌరవనీయులైన రైతు సోదరులకు' అని మొదలుపెట్టిండు. గౌరవానికే మూడో వంతు పైన ఖర్చయితున్నది. చివరికి 'క్వి.', 'తక్‌పట్టీ నం.', 'నికర బరువు', మొత్తం. గౌరవం కాంటా గదిలో కుర్చీ వేసి చూపెడుతమని నచ్చజెప్పిన.

24 నవంబర్, సోమవారం. ఆదిలాబాద్

ఇంద్రవెల్లి దిక్కు నుంచి ఒక పెద్దాయన, మనవడి ఫోన్ పట్టుకొని వచ్చిండు.

"బిడ్డా, మెసేజులు రెండు అచ్చినయ్. పైసలు ఒక్కపారే పడ్డయ్. రెండోయి ఎప్పుడు పడ్తయ్?"

రెండూ ఒకటే తక్‌పట్టీ నంబర్ అని చూపెట్టిన. ఆయన నమ్మలేదు, నమ్మాల్సిన అవసరమూ లేదు. బస్సు చార్జీ పెట్టుకొని వచ్చిన మనిషి. మునీం లెక్క తెరిచి, ఒక్కటే బండి, ఒక్కటే తూకమని చదివి వినిపించిండు. "మరి రెండుపార్లు ఎందుకు చెప్పిండ్రే?" అన్నడు. ఆ ప్రశ్నకు జవాబు నేను వెతకాల్సిందే.

సాయంత్రం దాకా లాగ్ చదివిన. మెసేజ్ కంపెనీ ఇచ్చిన నమూనా కోడ్‌లో గడువు కోసం ప్రామిస్.రేస్ వాడిండ్రు: ఒకవైపు మెసేజ్ పంపే ప్రామిస్, ఇంకోవైపు ఇరవై సెకన్ల గడియారం, ఏది ముందు తీరితే అదే ఫలితం. చూడ్డానికి ముద్దుగా ఉంటది. గడియారం గెలిస్తే మన కోడ్ విఫలమైందనుకొని పనిని రిలీజ్ చేస్తది, ఇంకోసారి పంపుతది. కానీ ఓడిపోయిన ప్రామిస్ ఆగదు. జావాస్క్రిప్ట్ ప్రామిస్‌కు రద్దు అనేది లేదు. మొదటి విన్నపం అవతల మెల్లగా నడుస్తనే ఉంది, ఇరవై ఐదో సెకనుకు మెసేజ్ పోనే పోయింది. తర్వాత రెండోది.

అబార్ట్‌కంట్రోలర్ పెట్టి విన్నపాన్నే తెంపొచ్చు, పెట్టిన కూడా. అయినా పూర్తి మందు కాదు. తెంపే సమయానికే అది అవతలి సర్వర్‌కు చేరి ఉండొచ్చు. జవాబు రాలేదంటే పని కాలేదని అర్థం కాదు, పుట్‌కు జవాబొచ్చిందంటే పని అయిందనీ కాదు. ఈ రెండూ పక్కపక్కన రాసుకుంటే గానీ నాకు ఈ క్యూ సంగతి సాఫ్‌గా కనపడలేదు.

25 నవంబర్, మంగళవారం. ఆదిలాబాద్

మెసేజ్ కంపెనీతో ఫోన్ మీద పొద్దంతా. మన తరఫు రిఫరెన్స్ నంబర్ పంపే అవకాశం వాళ్ల దగ్గర ఉందట, ఎవరూ వాడరట. తక్‌పట్టీ నంబర్‌నే రిఫరెన్స్‌గా పెట్టినం. అదే నంబర్ రెండోసారి వస్తే వాళ్ల సర్వరే పక్కన పెడుతది. మన వైపు కూడా పంపినవాటి పట్టిక, పంపే ముందు చూసుకోవడం. టీటీఆర్ 60 సెకన్ల నుంచి 180కి పెంచిన, మధ్యలో ప్రతి 45 సెకన్లకు టచ్.

పీడీఎఫ్ రెండుసార్లు తయారైతే నష్టం లేదు, పాతదాని మీదనే కొత్తది పడుతది. లెక్కల ఎంట్రీ రెండుసార్లు పడితే మునీం ఉరి పెట్టుకుంటడు. దానికి డేటాబేస్‌లో యూనిక్ నిబంధన. ఏ పనికి ఆ పనికే ఈ ప్రశ్న వేసుకోవాలె, లైబ్రరీ మనకోసం వేసుకోదు.

మధ్యాహ్నం కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ కూడా దిగిపోయింది. క్యూలో ఉన్న చిట్టీలన్నీ తిరిగొచ్చినయి, బిన్‌లాగ్ పెట్టుకున్నం కాబట్టి. అది పెట్టకపోతే బీన్‌స్టాక్‌డీ అన్నీ మెమరీలోనే ఉంచుకుంటది, కరెంటుతోపాటు పోతయి.

2 డిసెంబర్, మంగళవారం. కరీంనగర్

మా ఆఫీసు ఐటీ టవర్‌లో లేదు. 2020 జులైలో ఎల్‌ఎండీ (లోయర్ మానేర్ డ్యాం) దగ్గర ఆ టవర్ తెరిచినప్పటినుంచి చుట్టాలందరూ 'అందులోనేనా?' అని అడుగుతరు. ముకరంపురలో బట్టల షాపు మీది అంతస్తు మాది. ఇక్కడ ఒక వర్కర్ నడుస్తది, మిల్లు క్యూ నుంచి పీడీఎఫ్ పనులు తీసుకుంటది. బీన్‌స్టాక్‌డీకి పాస్‌వర్డ్ అనే మాటే లేదు. 11300 పోర్టును బయటికి తెరిస్తే దారిన పోయే ఎవరైనా పనులు పెట్టొచ్చు, తీయొచ్చు. అందుకే మధ్యలో వీపీఎన్.

నిన్న రాత్రి నుంచి ఈ వర్కర్ ఒక్క పీడీఎఫ్ చెయ్యలేదు. లాగ్‌లో ఎర్రర్ కూడా లేదు. నెట్ మధ్యలో తెగింది, కానీ తెగినట్టు ఈ వైపుకు తెలవలేదు. రిజర్వ్ ప్రామిస్ తీరలేదు, విరగలేదు, అట్లనే వేలాడింది. ఇప్పుడు గడువున్న రిజర్వ్ వాడుతున్న: ముప్పై సెకన్లలో పని లేకపోతే సర్వరే 'టైమ్‌డ్ అవుట్' అనాలె, ఆ జవాబు కూడా రాకపోతే కనెక్షన్ చచ్చిందని లెక్క.

తిరిగి కలిసినా పని రాలేదు. బీన్‌స్టాక్‌డీలో పేరున్న ఒక్కో వరుసను ట్యూబ్ అంటరు. కొత్త కనెక్షన్ 'డిఫాల్ట్' అనే ట్యూబ్‌ను మాత్రమే చూస్తది, మన 'పీడీఎఫ్' ట్యూబ్‌ను మళ్లీ 'వాచ్' చెయ్యాలె. కనెక్షన్ తెరిచే ఫంక్షన్‌లోనే వాచ్‌ను కలిపేసిన.

9 డిసెంబర్, మంగళవారం. ఆదిలాబాద్

బరీ అయిన పనులు చూసినం, మునీం, నేను. అయిదుసార్లు రిలీజ్ అయినంక పక్కకు పోయేటట్టు పెట్టిన. దాదాపు అన్నీ తప్పు ఫోన్ నంబర్లే: తొమ్మిది అంకెలు, కౌలు రైతు బదులు భూమి యజమాని నంబర్, రీచార్జ్ లేక రద్దయిన సిమ్. మునీం ఒక్కొక్కరికి ఊర్లో తెలిసినోళ్ల ద్వారా కనుక్కొని నంబర్ దిద్దిండు. దిద్దినవాటిని 'కిక్' కొడితే మళ్లీ వరుసలోకి వచ్చినయి, పోయినయి. ఈ పని ఏ లైబ్రరీ చెయ్యదు. మునీంకు నా మీద నమ్మకం ఇక్కడనే కుదిరింది: "నీ మిషన్ తప్పుల్ని దాస్తలేదు మేడమ్, కుప్ప పెట్టి చూపెడ్తున్నది."

15 డిసెంబర్, సోమవారం. కరీంనగర్

కొత్తగా చేరిన పిల్లవాడికి ఈ కోడ్ అప్పజెప్పాలె. వాడు మొదటి రోజే ఒకచోట అవెయిట్ మరిచిండు. ఆ ప్రామిస్ విరిగితే పట్టుకునేవాళ్లు లేరు. నోడ్ 15 నుంచి అట్లా పట్టుకోని విరుపు మొత్తం ప్రాసెస్‌నే పడగొడుతది. పడ్డది, సిస్టమ్‌డీ లేపింది, మళ్లీ పడ్డది. మంచిదే అన్న. పాత నోడ్‌లో అయితే ఒక హెచ్చరిక రాసి ఊరుకునేది, మనం వారం రోజుల తర్వాత రైతు చెబితే వినేవాళ్లం.

వాడికి రాసి ఇచ్చిన కాగితం ఇక్కడ కూడా ఎక్కిస్తున్న. తమ్మీ, రిజర్వ్ చేసే కనెక్షన్ మీద పుట్ పెట్టకు. పని పూర్తయినంకనే డిలీట్ కొట్టు, ముందు కొట్టకు. పనిలో తక్‌పట్టీ నంబర్ లేకుండా ఏదీ క్యూలోకి పంపకు. టీటీఆర్ తగ్గించాలనిపిస్తే ముందు ఆదిలాబాద్ పోయి, నెట్ స్పీడు చూసి, నాకు ఫోన్ చెయ్యి.